జ్వరాల మాస్టారు అడగని ప్రశ్న

ఈ మధ్య మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను పిలిచి, కుర్చీ వేసి, టీ ఇప్పించి, "సార్, మీ సర్వీసులో మీరు చేసిన గొప్ప పని ఏదైనా చెప్పండి" అని అడిగారు. రిటైరైన వాడికి టీ ఇప్పించి ఇలాంటి ప్రశ్న వేయడం ప్రమాదం. ఆఖరి బస్సు వెళ్ళిపోతోందన్నా వదలడు. ఆ రోజు నేను దోమల మందు కొట్టించిన సంగతులు, వరదల్లో పడవెక్కి మాత్రలు పంచిన సంగతులు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. చెప్పాల్సింది వేరే ఉంది. అందులో నేను చేసిన మంచి పని ఒక్కటే, అది కూడా అబద్ధం. మిగతావన్నీ పొరపాట్లు. చప్పట్లు రావని దాచుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

తొంభైల చివర నేను కడియం అవతల కాలువ గట్టు వెంబడి ఊళ్ళలో హెల్త్ అసిస్టెంటుని. పదిహేను రోజులకోసారి ప్రతి ఇంటికీ సైకిల్ మీద వెళ్ళి, గుమ్మంలో నిలబడి, "జ్వరాలేమైనా ఉన్నాయా అండీ?" అని అడగాలి. ఉంటే వేలికి సూది గుచ్చి, మలేరియా పరీక్షకు రక్తం చుక్క గాజు పలక మీద తీసుకుని మాత్రలివ్వాలి. లేకపోతే తలుపు పక్క గోడ మీద గీసిన గళ్ళలో తేదీ వేసి, సంతకం పెట్టి, నా పుస్తకంలో 'నిల్' అని రాసుకోవాలి. ఇరవై ఏళ్ళు ఇదే ప్రశ్న అడిగి అడిగి నాకు 'జ్వరాల మాస్టారు' అని పేరొచ్చింది. పెళ్ళి పందిట్లో కనపడినా, "లేవండీ, మా ఇంట్లో లేవండీ" అని నేను అడక్కుండానే చెప్పేవారు. భోజనం చేశారా అని పలకరించిన పాపాన పోలేదు ఎవరూ.

ఆ ఊళ్ళన్నీ నర్సరీలే. గులాబీలు, క్రోటన్లు, మామిడి అంట్లు. ఒక చిన్న నర్సరీ ఇంట్లో ఇరవై ఏళ్ళ అమ్మాయి ఉండేది. ఇంటర్ అయ్యాక నాన్నతో పాటు పనిలో దిగింది. మామిడి అంట్లు కట్టడంలో ఆ చేతులకున్న వేగం చుట్టుపక్కల మగవాళ్ళకు కూడా లేదు. కొమ్మకు కొమ్మ ఆనించడం, ప్లాస్టిక్ రిబ్బను చుట్టడం, ముడి వేయడం, మన కంటికి ఒకటే కదలికలా ఉండేది. నాలుక ఇంకొంచెం వేగం.

"జ్వరాలేమైనా ఉన్నాయా అమ్మా?"

"ఆయ్, లేవండి మాస్టారూ. ఇన్నిసార్లు అడుగుతున్నారు, ఎక్కడైనా పారేసుకున్నారా ఏంటి?"

వాళ్ళమ్మ నోరు నొక్కుకుని నవ్వేది. ఒకసారి నిజంగానే ఒళ్ళు వెచ్చబడితే సూది చూసి గులాబీ మళ్ళలోకి పరుగెత్తింది. ముళ్ళలో పడి తిరగడానికి భయం లేని మనిషికి నా సూది అంటే భయం. ఆ ఇంటికి వెళ్ళడం నాకు ఇష్టంగా ఉండేది.

ఒక వర్షాకాలం తర్వాత వెళ్ళినప్పుడు అమ్మాయి జోకు వేయలేదు. "లేవండి" అని లోపలికి వెళ్ళిపోయింది. పెద్దదైంది, మర్యాద నేర్చుకుంది అనుకుని సంతోషించాను. 'నిల్'.

తర్వాతి రెండుసార్లు తలుపు వెనక నుంచే జవాబిచ్చింది. వాళ్ళమ్మ గేటు దాకా వచ్చి, "అమ్మాయికి సరిగ్గా నిద్ర పట్టట్లేదు బాబూ. తిండీ సయించట్లేదు" అంది. నేను మా ఫార్మసిస్టుకు చెప్పాను. ఆయన రిటైర్‌మెంటుకు దగ్గర పడిన మనిషి. లోకంలో జబ్బులు రెండే రకాలని, బి-కాంప్లెక్స్‌కు తగ్గేవి, బి-కాంప్లెక్స్‌కు కూడా తగ్గనివి అని ఆయన నమ్మకం. ముప్పై మాత్రలు పొట్లం కట్టి ఇచ్చాడు. నేను మోసుకెళ్ళి ఇచ్చాను. ఇద్దరం ప్రజాసేవ చేసినట్టు ఫీలయ్యాం.

నాలుగోసారి వెళ్ళేసరికి గోడ మీద నా గళ్ళు లేవు. ఎవరో తడిగుడ్డతో రుద్ది తుడిచేశారు. నాకు ఒళ్ళు మండింది. జీతం ఆలస్యమైతే ఊరుకుంటాను గానీ నా గళ్ళు చెరిపితే ఊరుకుంటానా? కొత్తగా గీసి, పదిహేను రోజులకు వెళితే మళ్ళీ అదే. ఈసారి అమ్మాయే బయటికొచ్చింది. చిక్కిపోయింది. జుట్టు దువ్వలేదు. నా పెన్సిలు వంకే చూస్తోంది.

"మాస్టారూ, మీరు రాసింది ఎవరు చూస్తారు?" అని అడిగింది, చాలా మెల్లగా.

నేను చేసిన పనుల్లో అన్నిటికంటే చెడ్డది ఇదే, అందుకని ఉన్నదున్నట్టు చెబుతున్నాను. గొంతు పెద్దది చేసి, "ఇది గవర్నమెంటు లెక్క. పైవాళ్ళందరూ చూస్తారు. ఎవరు చెరిపారో కూడా వాళ్ళకి తెలిసిపోద్ది. జాగ్రత్త" అన్నాను.

అమ్మాయి మొహంలో రంగు పోయింది. తల ఊపింది. నా మాట పనిచేసింది అనుకుంటూ సైకిలెక్కాను. ఎవరో పైనుంచి తనను కనిపెట్టి చూస్తున్నారని, తన గురించి రాసుకుంటున్నారని అప్పటికి రెండు నెలలుగా వణికిపోతున్న పిల్లకు, నేను యూనిఫాం వేసుకుని వెళ్ళి 'నిజమే' అని చెప్పి వచ్చానని నాకు తెలియదు.

ఆ వారంలోనే ఒక పొద్దున ఆ పిల్ల అంట్ల మడిలోకి వెళ్ళి, తను కట్టిన రిబ్బన్లన్నీ ఒక్కొక్కటే విప్పేసింది. ఒక సీజను పని. వాటి మీద గుర్తులున్నాయట, ఆ గుర్తులు పట్టుకుని వాళ్ళు వస్తారట. వాళ్ళ నాన్న పరుగెత్తుకొచ్చి, జీవితంలో మొదటిసారి కూతుర్ని కొట్టి, తర్వాత ఆ మళ్ళోనే కూలబడి ఏడ్చాడు. ఇవేవీ అప్పట్లో నాకు చెప్పలేదు. సంబంధాలు చూస్తున్న రోజులు, బయటికి పొక్కకూడదని దాచారు. గాలి సోకిందన్నారు ఒకరు. చదువు ఎక్కువైందన్నారు ఇంకొకరు. ఇంటర్ చదువుకే ఎక్కువైపోయే బుర్ర కాదు ఆ పిల్లది. చివరికి ఆమె మేనమామ సముద్రం వైపు ఏదో ఊరు చెప్పాడు. అక్కడ ఇలాంటివాళ్ళను మూడు నెలలు కట్టేసి ఉంచి బాగుచేస్తారని.

నా ఆరో విజిట్ ఆ ప్రయాణం రోజున పడింది. అంతకంటే గొప్ప ముందుచూపేమీ లేదు నాకు.

గేటు ముందు మొక్కలు తోలే వ్యాను ఆగి ఉంది. వెనక సగం క్రోటన్లు, సామర్లకోటలో ఎవరికో దింపాల్సినవి. అమ్మాయిని ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఒళ్ళో రెండు చేతులూ కలిపి తువ్వాలుతో కట్టేసి ఉన్నాయి. వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. తండ్రి నన్ను చూసి, "తర్వాత రండి మాస్టారూ, పనుంది" అన్నాడు మొహం తిప్పుకుని.

నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. ఏమీ తోచనప్పుడు నోటికొచ్చేది ఒక్కటే కదా.

"జ్వరాలేమైనా ఉన్నాయా అండీ?" అన్నాను.

తండ్రి 'లేవు' అనబోయాడు. అంతలో వ్యానులోంచి అమ్మాయి గొంతు వినిపించింది. "నాకుంది."

అందరం అటు తిరిగాం.

"నాకుంది మాస్టారూ. జ్వరం నాకుంది. రాసుకోండి."

కట్టేసిన చేతులు రెండూ పైకెత్తి, వేలు ముందుకు చాపింది. సూది చూస్తే ముళ్ళలోకి పరుగెత్తే పిల్ల. నుదురు మీద చెయ్యి వేశాను. నీళ్ళ కుండలా చల్లగా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుంటూ కళ్ళలోకి చూశాను. మూడు నెలల్లో ఆ ఇంటికి ఆరుసార్లు వెళ్ళాను, మనిషిని చూడడం మాత్రం అప్పుడే.

"అబ్బో, కాలిపోతోంది" అన్నాను.

"నిన్నటిదాకా ఏం లేదండీ" అంది తల్లి.

"లోపలి జ్వరం. చేతికి తెలీదు, మాకు తెలుస్తుంది. ఏమండీ, జ్వరం కేసు డాక్టరు గారు చూడకుండా ఊరు దాటకూడదు. రూలు."

అలాంటి రూలు లేదు. ఏ రూలని ఆయన అడగలేదు. మన దేశంలో రూలు అనే మాటకున్న బలం బి-కాంప్లెక్స్‌కు కూడా లేదు. "ఎంతసేపు పడుతుంది?" అన్నాడు. "పది నిమిషాలు" అన్నాను. ఇది మూడో అబద్ధం. వేలికి సూది గుచ్చి చుక్క తీశాను, కదల్లేదు. తువ్వాలు విప్పమన్నాను. అది కూడా రూలే అన్నాను. ఆ వ్యానులోనే అందరం మా కేంద్రానికి వెళ్ళాం.

మా డాక్టరు గారు అప్పటికి ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. సన్నగా, చిన్నగా ఉండేవారు. రోగులు ఆవిడ ఎదురుగా కూర్చుని, "పెద్ద డాక్టరు గారు ఎప్పుడొస్తారమ్మా?" అని ఆవిడనే అడిగేవారు. నేను పక్కకు పిలిచి విషయం చెప్పాను. గోడ సంగతి తప్ప అన్నీ చెప్పాను. ఆవిడ ఓపీ ఆపేసి, అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళి తలుపు దగ్గరికి వేశారు. పది నిమిషాలు కాస్తా గంట దాటింది. బయట బెంచీ మీద తండ్రి లేస్తూ కూర్చుంటూ ఉన్నాడు. మా ఫార్మసిస్టు ఆయనకు మంచినీళ్ళిచ్చి, అలవాటు కొద్దీ జేబులోంచి బి-కాంప్లెక్స్ తీయబోయి, నన్ను చూసి లోపల పెట్టుకున్నాడు.

డాక్టరు గారు బయటికొచ్చి నన్ను పిలిచారు.

"ఈ ఇంటికి మీరు ఎన్నిసార్లు వెళ్ళారు?"

"మూడు నెలల్లో ఆరుసార్లండి మేడమ్. ఒక్క విజిట్ కూడా మిస్ కాలేదు" అన్నాను, కొంచెం గర్వంగానే.

"ఆరుసార్లు వెళ్ళి ఏం చూశారు?"

నా పుస్తకం తీసి చూపించబోయాను. అందులో ఐదు 'నిల్'లు, ఒక దొంగ జ్వరం ఉన్నాయి. తీయలేదు. ఆవిడ నన్ను ఇంకేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. అప్పుడు గోడ సంగతి కూడా చెప్పేశాను.

ఆవిడ "నేను సైకియాట్రీ చేసింది రెండు వారాలే. అందులో మూడు రోజులు సెలవు పెట్టాను. కానీ ఇది మానసిక జబ్బేనని నా అనుమానం" అన్నారు. రోడ్డు మీద టెలిఫోను బూత్‌కి నడిచివెళ్ళి కాకినాడ పెద్దాసుపత్రిలో తనకు చదువు చెప్పిన మానసిక వైద్యుడికి ఫోన్ చేశారు. తిరిగొచ్చేటప్పుడు దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు. "ఇవాళే తీసుకురమ్మన్నారు. మొదటిసారి వచ్చింది, మూడు నెలలే అయింది, ఇప్పుడే మందు మొదలుపెడితే చాలా మంచిదట. ఏళ్ళు గడిచాక వచ్చేవాళ్ళే ఎక్కువట అక్కడికి."

తండ్రికి ఆవిడ చెప్పిన తీరు నాకిప్పటికీ గుర్తు. దెయ్యం లేదు, గాలి లేదు అని వాదన పెట్టుకోలేదు. "మీ అమ్మాయికి ఎవరూ లేకపోయినా మాటలు వినపడుతున్నాయండీ. మూడు నెలలుగా రాత్రీ పగలూ తిడుతున్నాయి. తనకవి నిజంగానే వినపడుతున్నాయి, నటించడం లేదు. పాపం, మీరు భయపడతారని మీకు చెప్పలేదు. ఇది జబ్బు. ఈ వయసులోనే మొదలవుతుంది. మందుంది" అన్నారు.

ఆయన "నేను కొట్టానండీ" అన్నాడు. అంతే. తర్వాత లేచి వ్యాను తాళాలు తీశాడు.

మా ఆసుపత్రి జీపు ఆపరేషన్ల క్యాంపుకు వెళ్ళిపోయింది. అందుకని ఆ వ్యానులోనే బయలుదేరాం. ముందు సీట్లో తండ్రి, డాక్టరు గారు, అమ్మాయి. వెనక క్రోటన్ల మధ్య అమ్మాయి తల్లి, నేను. రామచంద్రపురంలో టీ కోసం ఆగితే ఒక పెద్దాయన స్కూటరు ఆపి, "ఆ ఎర్రాకు మొక్క ఇస్తారేంటండీ?" అని నన్నడిగాడు. ఇది ఆసుపత్రి వ్యానండీ అన్నాను. ఆయన క్రోటన్ల వంకా నా వంకా చూసి, ఏ వార్డుకో అనుకుంటూ వెళ్ళిపోయాడు. ముందు సీట్లో అమ్మాయి డాక్టరు గారి భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఎన్నాళ్ళకు నిద్రపోయిందో అని వాళ్ళమ్మ వెనక అద్దంలోంచి చూస్తూ కూర్చుంది.

మూడు వారాలు అక్కడే ఉంచారు. ఇంటికొచ్చాక కథ సుఖాంతం అని రాసేస్తే సినిమా అవుతుంది. మాటలు తగ్గాయి, కానీ మందు వల్ల ఒళ్ళు బరువెక్కింది, చేతులు వణికేవి. ఆ చేతులతో అంటు కట్టబోతే రిబ్బను జారిపోయేది. ఒకరోజు రిబ్బను చుట్ట విసిరికొట్టి, "తిట్లు వినపడినప్పుడు కనీసం పని చేసుకునేదాన్ని" అని ఏడ్చిందట. మాత్రలు మానేసింది. రెండు వారాల్లో మళ్ళీ గుసగుసలు మొదలయ్యాయి. ఈసారి మాత్రం తనే వాళ్ళమ్మకు చెప్పింది. డాక్టర్లు మందు మార్చారు, మోతాదు తగ్గించారు. వణుకు ఆగడానికి ఐదారు నెలలు పట్టింది.

అసలు పోట్లాట మాత్రల దగ్గర వచ్చింది. కాకినాడలో ఉచితంగానే ఇస్తారు, కానీ నెలనెలా రెండు బస్సులు మారి, ఒక రోజు పని మానుకుని వెళ్ళాలి. మా కేంద్రం మందుల జాబితాలో అవి లేవు. ఎందుకు లేవంటే, మా దగ్గర అలాంటి రోగులు లేరు. ఎందుకు లేరంటే, మేము రాసుకోలేదు. ఇక్కడ మా ఫార్మసిస్టు నన్ను ఆశ్చర్యపరిచాడు. కావాల్సిన మందుల కోసం పై ఆఫీసుకు పంపే ఇండెంటులో 'ఇతరములు' అనే గడిలో ప్రతి నెలా ఆ మాత్రల పేరు రాసి పంపేవాడు. ప్రతి నెలా కొట్టేసి పంపేవారు. "గురువుగారూ, ఎందుకీ శ్రమ?" అంటే, "కాగితం వాళ్ళది, సిరా వాళ్ళది, మనదేం పోయింది?" అనేవాడు. అవి వచ్చేదాకా, కాకినాడలో నెలవారీ మీటింగుకు వెళ్ళినప్పుడు అమ్మాయి చీటీ పట్టుకెళ్ళి నేనే మాత్రలు తెచ్చాను. ఆయన రిటైరయ్యే నెలలో మొదటి డబ్బా వచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టుకుని, పూజకు పెట్టినట్టు, మధ్యాహ్నం దాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

నేను కూడా నా గుమ్మం ప్రశ్నకు ఇంకొకటి చేర్చాను. జ్వరాలు అయ్యాక, "నిద్రాహారాలు మానేసి, ఎవరితోనూ కలవకుండా, తమలో తాము మాట్లాడుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అండీ?" అని. మొదటి నెల నా పరువు పోయింది. "మా ఆయన పేపరు చదువుతూ వాదించుకుంటారండీ, రాసుకోండి" అనేవారు. "మా అత్తగారు నిద్ర తప్ప అన్నీ మానేశారు, పనికొస్తుందా?" అనేవారు. కానీ నవ్వడం అయ్యాక, ఒక్కోచోట, గేటు దాకా సాగనంపే నెపంతో ఎవరో ఒకరు వెనకే వచ్చి గొంతు తగ్గించేవారు.

గోడ దగ్గర నేనన్న మాట గురించి అమ్మాయికి క్షమాపణ చెప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది. అప్పటికి తను మళ్ళీ అంట్లు కడుతోంది, మునుపటికంటే కాస్త నెమ్మదిగా. విని, ముడి బిగించి, "మీరొక్కరే అనుకున్నారా మాస్టారూ? మీకంటే పెద్ద పెద్ద ఆఫీసర్లు మాట్లాడేవారు నా చెవిలో. మీరు మరీ కింది స్థాయి" అంది. సర్వీసంతా ప్రమోషన్ రాని బాధ నాకు ఆ రోజు గట్టిగా తగిలింది.

ఇంకో మూడేళ్ళకు, పక్క ఊళ్ళో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక టీచరమ్మ బడికి వెళ్ళడం మానేసి, గదిలో గడియ వేసుకుని కూర్చుందని తెలిసింది. నేను వెళ్ళాను, డాక్టరు గారు వెళ్ళారు. తలుపు తీయలేదు. మర్నాడు ఈ అమ్మాయికి చెప్పాను. ఊరికే చెప్పాను, సాయం అడగలేదు. తనే చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని, "పదండి" అంది.

ఆ ఇంటి వరండాలో తలుపుకు ఆనుకుని నేల మీద కూర్చుంది. నేను కూడా పక్కన కూర్చోబోతే, "మీరు అరుగు మీదకెళ్ళండి మాస్టారూ, ఇవి మీకు తెలీవు" అంది. అరుగు మీదకు వెళ్ళాను. తలుపుకు దగ్గరగా మొహం పెట్టి ఏదో మెల్లగా చెబుతోంది. మధ్యలో తలుపుకు చెవి ఆనిస్తోంది. మళ్ళీ చెబుతోంది. ఒక్కసారి మాత్రం మాట వినపడింది: "నాకైతే మగ గొంతులండీ, ఇద్దరు. మీకూ?"

తర్వాత గడియ తీసిన చప్పుడైంది.

ఆ ఇంటి పెద్దావిడ నాకు మజ్జిగ తెచ్చిచ్చి, సగం తెరుచుకున్న తలుపు వంక చూస్తూ అడిగింది. "ఆవిడెవరండీ? పెద్ద డాక్టరు గారా?"

"అవునండీ" అన్నాను. ఈసారి అబద్ధమాడినట్టు అనిపించలేదు.